కొత్త చిల్లర్ కొనే ముందు మా భవనాల అలవాట్లు చూశాం: నా అనుభవం

కరెంటు బిల్లు తగ్గించాలి అనగానే మీటింగులో ముందుగా వచ్చే మాట ఏదో ఒకటి కొనడం గురించే. మా దగ్గరా అంతే. చిల్లర్ (ఏసీ కోసం నీటిని చల్లబరిచే పెద్ద మెషీన్) పాతదైపోయింది, మార్చేద్దాం అని ఒకరు, పైకప్పు మీద సోలార్ పెట్టిద్దాం అని ఒకరు, లైట్లన్నిటికీ సెన్సర్లు పెడితే చాలు కదా అని ఇంకొకరు. నేను చూసుకునేది రెండు ఆఫీసు భవనాలు, బస గదులున్న ఒక ట్రైనింగ్ బ్లాక్, ఒక సర్వర్ రూమ్. కొనడానికి నేను వ్యతిరేకం కాదు. కానీ ఉన్న మెషీన్లు ఏ టైముకి ఆన్ అవుతున్నాయి, ఏ సెట్టింగు ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని అడిగితే మాలో ఒక్కరి దగ్గర కూడా పూర్తి జవాబు లేదు. అలాంటప్పుడు కొత్త చిల్లర్ వచ్చినా అది కూడా ఇవే చేతుల్లోకి, ఇవే పద్ధతుల్లోకి వస్తుంది, కొన్నాళ్లకు దాని సెట్టింగులు కూడా ఎవరికీ తెలియకుండా పోతాయి. అందుకని ముందు మన పద్ధతులు ఎలా ఉన్నాయో చూద్దాం, కొనుగోళ్ల సంగతి ఆ తర్వాత మాట్లాడదాం అని అడిగాను, మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. ఇలాంటి పని మొదలుపెట్టబోతున్న వాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

పద్ధతులను అంచనా వేయడానికి ఎనర్జీ మేనేజ్‌మెంట్ మ్యాట్రిక్స్ అని ఒక పట్టిక ఉంది, బ్రిటన్‌లో తయారై చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్నది. అందులో 6 నిలువు గళ్లు: విధానం, బాధ్యతల ఏర్పాటు, సిబ్బంది శిక్షణ, సమాచారం సేకరించే తీరు, అందరికీ తెలియజేయడం, పెట్టుబడి. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మెట్లు. 0 అంటే ఆ విషయం పట్టించుకునేవాళ్లే లేరని, 4 అంటే పైస్థాయి నుంచి కింది దాకా అది రోజువారీ పనిలో భాగమైపోయిందని. చూడ్డానికి చాలా చిన్న పట్టిక, ఒక కాగితంలో పడుతుంది. దీన్ని ఒక్కరే కూర్చుని నింపితే పెద్దగా ఉపయోగం ఉండదు. నేను ఫైనాన్స్ వాళ్లకి, అడ్మిన్‌కి, ఐటీ హెడ్‌కి, ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) టెక్నీషియన్లకి, షిఫ్ట్ ఎలక్ట్రీషియన్లకి విడివిడిగా ఇచ్చి, ఒకరి మార్కులు ఒకరికి కనబడకుండా నింపించాను.

మార్కుల కంటే మార్కుల మధ్య తేడాలే ఎక్కువ చెప్పాయి. విధానం అనే గడిలో పైవాళ్లు 3 వేసుకున్నారు, ఎందుకంటే సంతకం పెట్టిన ఎనర్జీ పాలసీ ఒకటి ఫైల్లో ఉంది. టెక్నీషియన్లు 0 వేశారు, ఎందుకంటే అది వాళ్లు ఎప్పుడూ చూడలేదు. సమాచారం గడిలో ఫైనాన్స్ 3 వేసింది, బిల్లులన్నీ నెలవారీగా ఎక్సెల్‌లో ఉన్నాయి కాబట్టి. ప్లాంట్ రూములో పనిచేసే మా సీనియర్ టెక్నీషియన్ మాత్రం, "సార్, ఇన్నేళ్లలో ఒక్క బిల్లు కూడా నా చేతికి రాలేదు. నేను ఏం నడిపితే ఎంత అవుతుందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన మాట అదే. రోజంతా స్విచ్చుల మీద చెయ్యి ఉండే మనిషికి తన పని ఖర్చు తెలియదు, ఖర్చు తెలిసిన మనిషికి స్విచ్చు ఎక్కడుందో తెలియదు. ఈ ఇద్దరినీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టకుండా ఎన్ని సెన్సర్లు కొన్నా ఏం లాభం?

ఆ తర్వాత లెక్కల పని. 3 ఏళ్ల బిల్లులు తీశాం. తీయగానే తేలిందేమిటంటే బిల్లు నెల, క్యాలెండర్ నెల ఒకటి కావు, కొన్ని బిల్లులకు రోజులు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. అందుకని ప్రతి బిల్లును ముందు రోజుకు ఎన్ని యూనిట్లు అనే లెక్కలోకి మార్చాలి, లేకపోతే ఒక నెల పెరిగినట్టూ తర్వాతి నెల తగ్గినట్టూ కనిపించి లేని కారణాల కోసం వెతుక్కుంటాం. విస్తీర్ణం దగ్గర ఇంకో చిక్కు. చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్నది భవనాలను పోల్చడానికి అందరూ వాడే కొలత. కానీ పార్కింగును కలిపి లెక్కేస్తే భవనం ఎంతో పొదుపుగా ఉన్నట్టు కనబడుతుంది, ఏసీ ఉన్న చోటు మాత్రమే తీసుకుంటే వేరేలా ఉంటుంది. ఏది తీసుకున్నా ఫర్వాలేదు గానీ, ఏది తీసుకున్నామో రాసిపెట్టి ప్రతి ఏడూ అదే వాడాలి. మా పాత రిపోర్టుల్లో ఈ అంకె ఏడాదికోలా ఉండటానికి సగం కారణం విస్తీర్ణమే.

బయటి భవనాలతో పోలిక కంటే మన భవనాన్ని మనతోనే పోల్చుకోవడం మేలని నా నమ్మకం. దానికి వాతావరణాన్ని లెక్కలోకి తేవాలి. కూలింగ్ డిగ్రీ డేస్ అని ఉంటాయి, అంటే ఒక హద్దు ఉష్ణోగ్రత పెట్టుకుని, ప్రతి రోజూ బయటి సగటు దానికంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువుందో కూడుతూ పోవడం. నెలకు ఎన్ని డిగ్రీ డేస్, ఎన్ని యూనిట్లు అని గ్రాఫ్ మీద చుక్కలు పెట్టి వాటి మధ్య నుంచి ఒక గీత గీస్తే రెండు విషయాలు తెలుస్తాయి. గీత వాలు, వేడి పెరిగేకొద్దీ మన వాడకం ఎంత పెరుగుతుందో చెబుతుంది. ఆ గీత నిలువు అక్షాన్ని తాకే చోటు, బయట చల్లగా ఉన్నా సరే ఎంత కరెంటు పోతూనే ఉంటుందో చెబుతుంది. ఒక ఆఫీసు భవనానికి ఆ రెండో అంకె నేను అనుకున్నదానికంటే చాలా పెద్దది వచ్చింది. అప్పటిదాకా మీటింగుల్లో వినిపించిన మాట "ఎండలు పెరిగాయి, అందుకే బిల్లు పెరిగింది" అని. గ్రాఫ్ ఆ మాటను సమర్థించలేదు. ఎండతో సంబంధం లేని వాడకమే ఎక్కువ.

దాంతో మెయిన్ మీటరు నుంచి 15 నిమిషాల డేటా తీశాం. ఈ డేటా చాలా మీటర్లలో నమోదవుతూనే ఉంటుంది, దాన్ని తీసి చూసేవాళ్లు ఉండరు, అంతే. ఒక వారం డేటాను గ్రాఫ్‌గా వేస్తే పనిరోజుల్లో గుట్టల్లా పైకి లేచి సాయంత్రానికి దిగుతుంది. చూడాల్సింది గుట్టల ఎత్తు కాదు, వాటి మధ్య లోయలు ఎంత లోతుకు దిగుతున్నాయన్నది. భవనంలో మనుషులు లేని అర్ధరాత్రి, సెలవు రోజు, పగటి లోడులో దాదాపు సగం దగ్గర గీత నిలబడిపోయింది. సర్వర్ రూమ్ ఉంది, ఎమర్జెన్సీ లైట్లున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ల నష్టాలు ఎప్పుడూ ఉంటాయి, యూపీఎస్‌లు తక్కువ లోడులో నడిస్తే వాటి సామర్థ్యం కూడా పడిపోతుంది. ఇవన్నీ తీసేసినా అంత రాదు. ఏడాదిలో ఆఫీసు వేళలకంటే ఆఫీసు లేని వేళలే చాలా ఎక్కువ కాబట్టి ఆ లోయ కొంచెం పైన ఉన్నా యూనిట్లు గుట్టలుగా పేరుకుంటాయి.

కారణం గ్రాఫులో దొరకదు, వెళ్లి చూడాల్సిందే. రాత్రి పూట భవనమంతా తిరిగాం. నేను, ఒక ఎలక్ట్రీషియన్, ఏఎంసీ టెక్నీషియన్, మాతో సెక్యూరిటీ గార్డు. గార్డును తాళాల కోసం పిలిచాం గానీ ఆ రాత్రి మాకు దారి చూపించింది ఆయనే. ఏ అంతస్తులో లైట్లు ఎప్పుడూ ఆరవో, ఏ ప్రింటర్ రూములో ఎగ్జాస్ట్ తిరుగుతూనే ఉంటుందో, తెల్లవారుజామున ఎన్నింటికి ఏసీ చప్పుడు మొదలవుతుందో ఆయన చూడకుండానే చెప్పేశాడు. "నాలుగింటికే లేస్తుంది సార్, మీరొచ్చేది తొమ్మిదింటికి కదా" అన్నాడు. ఎప్పుడో ఒక ఎండాకాలంలో సోమవారం పొద్దున ఆఫీసు వేడిగా ఉందని ఎవరో కంప్లైంట్ ఇస్తే టైమింగ్ ముందుకు జరిపారట, మళ్లీ వెనక్కి జరపలేదు. అంచనా బృందంలో గార్డులను, హౌస్‌కీపింగ్ వాళ్లను తప్పకుండా చేర్చుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు భవనం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు వాళ్లే.

ఆ రాత్రి చూసిన వాటిలో ఒకదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మూడో అంతస్తు ఏహెచ్‌యూ గది, అంటే చల్లబరిచిన గాలిని గదులకు పంపే ఫ్యాన్ యూనిట్ ఉండే చోటు. గది తలుపు తెరిస్తే గాలి ఒత్తిడికి చేతిలోంచి లాక్కున్నట్టు మూసుకుంటోంది, అంటే ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉంది. ఫ్యాన్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ డిస్‌ప్లే మీద 50 హెర్ట్జ్, పక్కన హ్యాండ్ మోడ్ లైటు, అంటే ఆటోలో కాకుండా చేత్తో పెట్టిన సెట్టింగులో నడుస్తోంది. ప్యానెల్ తలుపు మీద టేపుతో అతికించిన కాగితం, దాని మీద పెద్ద అక్షరాలతో "ఆటోలో పెట్టవద్దు". కాగితం అంచులు పసుపెక్కాయి, టేపు కింద దుమ్ము గీత పడింది. రాసిందెవరో ఆ షిఫ్టులో ఎవరికీ తెలియదు. టెక్నీషియన్ నన్ను ఆపాడు కూడా, "దాన్ని ముట్టుకుంటే రేపు పొద్దున ఫోన్లు మొదలవుతాయి సార్" అని.

అప్పటికప్పుడు ఆ కాగితం చింపేసి ఆటోలో పెట్టడం చాలా తేలిక. కానీ ఎవరో ఏదో ఇబ్బంది పడే కదా దాన్ని అతికించి ఉంటారు. మర్నాడు ఆ ఏహెచ్‌యూ గాలి ఏ గదులకు వెళ్తుందో చూసుకుంటూ వెళ్తే, ఒక మూల గదిలో ఉష్ణోగ్రత సెన్సర్ గోడ మీద, సరిగ్గా పెద్ద ప్రింటరు వెనకాల కనబడింది. సెన్సర్ పెట్టినప్పుడు అక్కడ ప్రింటర్ లేదు, ఆ తర్వాత సీటింగ్ మార్చినప్పుడు వచ్చింది. ప్రింటరు వేడిగాలి సెన్సరుకు తగులుతుంటే బీఎంఎస్ (భవనంలో ఏసీ, ఫ్యాన్లను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఆ గది వేడెక్కిందనుకుని డ్యాంపరు (గాలిని పెంచి తగ్గించే రెక్క) పూర్తిగా తెరిచేస్తుంది, పక్క గదులకు గాలి తగ్గిపోతుంది, అక్కడి వాళ్లు కంప్లైంట్ ఇస్తారు, ఆ పోరు పడలేక ఎవరో ఫ్యాన్‌ని ఫుల్ స్పీడులో హ్యాండ్ మోడ్‌లో పెట్టేశారు. అప్పుడు అన్ని గదులకూ గాలి వచ్చింది, ఫోన్లు ఆగాయి, సమస్య తీరినట్టే అనిపించింది. రాత్రీ పగలూ ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

సెన్సర్‌ను ఎదురు గోడకు మార్చాం. ఫ్యాన్ ఆటోకి వచ్చాక ఎక్కువసేపు 40 హెర్ట్జ్ చుట్టుపక్కలే తిరుగుతోంది. ఫ్యాను తీసుకునే పవర్ వేగానికి ఘనం చొప్పున మారుతుంది, 50 నుంచి 40కి దిగితే వేగం 0.8 వంతు, 0.8 ఘనం 0.512, అంటే దాదాపు సగం పవర్. డక్టులో ఒక స్థాయి ఒత్తిడి నిలపాల్సి ఉంటే అచ్చంగా అంత తగ్గదు గానీ తగ్గేది మాత్రం ఎక్కువే, పైగా రాత్రి పూర్తిగా ఆగిపోతోంది. ఇక్కడ మేం కొన్నదేమీ లేదు. ఇలాంటి కాగితాలూ హ్యాండ్ మోడ్‌లూ మిగతా అంతస్తుల్లోనూ దొరికాయి, ప్రతి దాని వెనకా ఒక కథ ఉంది, ప్రతి కథలోనూ ఎవరో ఒకరు నిజంగా ఇబ్బంది పడ్డారు. కాబట్టి ఓవర్‌రైడ్ (ఇలా ఆటోను పక్కనపెట్టి చేత్తో పెట్టిన సెట్టింగు) కనబడగానే తీసేయకండి, దాని వెనకున్న కంప్లైంట్ ఏమిటో ముందు వెతకండి. అది తీరిస్తే ఓవర్‌రైడ్ అవసరమే ఉండదు.

బీఎంఎస్ సంగతి కూడా చెప్పాలి. స్క్రీన్ మీద అన్నీ ఆకుపచ్చగా కనిపిస్తాయి కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఓవర్‌రైడ్‌లో ఉన్న పాయింట్ల జాబితా తీస్తే అది పేజీలకు పేజీలు వచ్చింది. ఒక కంట్రోలర్‌లో గడియారం తప్పు, పవర్ పోయి వచ్చినప్పుడు వెనకబడిపోయినట్టుంది, దాంతో ఆ అంతస్తు షెడ్యూలు కరెక్టుగానే ఉన్నా అమలయ్యే టైము తప్పు. సెలవుల పట్టిక పాత ఏడాదితోనే ఆగిపోయింది. కొన్ని బయటిగాలి డ్యాంపర్లు స్క్రీన్ మీద 20 శాతం చూపిస్తున్నాయి, మెట్లెక్కి వెళ్లి చూస్తే లింకు ఊడిపోయి పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. స్క్రీన్ చూపించేది మనం ఇచ్చిన ఆదేశం, డ్యాంపరు దాన్ని పాటించిందో లేదో కాదు. ఈ తేడా ఆపరేటర్లందరికీ అలవాటయ్యేదాకా పదే పదే చెప్పాను, ఇప్పటికీ చెబుతున్నాను.

చిల్లర్ విషయంలో త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ పని తేలికగానే అయింది. చల్లని నీటి సెట్ పాయింట్, అంటే నీటిని ఎన్ని డిగ్రీలకు చల్లబరచాలన్న సెట్టింగు, ఏడాది పొడవునా ఒకటే ఉండేది. వాతావరణం చల్లబడ్డ రోజుల్లో దాన్ని 1 డిగ్రీ పెంచితే కంప్రెసర్ వాడకం సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుందని ఈ రంగంలో లెక్కేస్తారు. తేమ ఎక్కువున్న రోజుల్లో పెంచకూడదు, గాలిలో తేమ తీయడానికి చల్లని నీళ్లు కావాలి. వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ మధ్య ఉష్ణోగ్రత తేడా డిజైన్ కంటే తక్కువగా ఉంది, అంటే నీళ్లు ఊరికే తిరిగి వచ్చేస్తున్నాయి, పంపులు అవసరానికి మించి నడుస్తున్నాయి. మూసుకోని వాల్వులు బాగుచేశాక ఆ తేడా పెరిగింది. చిల్లర్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ట్యూబులు శుభ్రం చేయించాం. ఇంత చేశాక మార్చేద్దామన్న చిల్లరే ఇంకొన్నేళ్లు నడవగలదని తేలింది, మార్చాల్సి వచ్చినా ఇంతకంటే చిన్నది సరిపోతుందని కూడా అర్థమైంది. ముందే కొని ఉంటే అవసరానికి మించినది కొనేవాళ్లం.

సర్వర్ రూమ్ దగ్గర మాత్రం చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది. గదిలోకి వెళ్తే చలికి వణుకు పుట్టేది. ఐటీ హెడ్‌కి సర్వర్లు ఆగిపోతాయేమోనని టెన్షన్, ఆ టెన్షన్‌లో తప్పేమీ లేదు, ఆగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) సిఫార్సు ప్రకారం సర్వరు లోపలికి పీల్చుకునే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండొచ్చు, 2004లో ఇది 20 నుంచి 25 అని ఉండేది, 2008లో విస్తరించారు. కాగితం చూపించి ఒప్పించాలని నేను ప్రయత్నించలేదు. సర్వర్లు పేర్చిన ర్యాకుల ముందు పైన, మధ్య, కింద థర్మామీటర్లు పెట్టి ముందు ఆయనకే రీడింగులు చూపించాను. గది అంత చల్లగా ఉన్నా ఒక ర్యాకు పై భాగంలో మాత్రం వేడి ఎక్కువగా ఉంది, ఎందుకంటే ఖాళీ స్లాట్ల గుండా వెనకవైపు వేడిగాలి ముందుకు వచ్చేస్తోంది. ఖాళీలను మూసే ప్లేట్లు బిగించాక ఆ వేడి పోయింది, అప్పుడాయనే "ఇంక పెంచి చూద్దామా?" అన్నాడు. ఒకసారికి 1 డిగ్రీ చొప్పున, ప్రతిసారీ కొన్నాళ్లు ఆగి, అలారం హద్దు ముందే నిర్ణయించుకుని పెంచాం. అదే గదిలో రెండు ఏసీ యూనిట్ల తేమ సెన్సర్లు వేర్వేరు రీడింగులు చూపిస్తూ, ఒకటి గాలిలోకి తేమ వదులుతుంటే రెండోది ఆ తేమను తీసేస్తూ ఉంది, ఒకరు తొట్టిలో నీళ్లు పోస్తుంటే ఇంకొకరు తోడి పారబోస్తున్నట్టు. సెన్సర్లు సరిచేయించి రెండింటికీ ఒకే ఆదేశం అందేలా కలిపాం.

ఇంతవరకూ చెప్పింది మెషీన్ల దగ్గర దొరికిన విషయాలు. నేను ఎక్కువ కాలం వెచ్చించిందీ, ఎక్కువ ఫలితం వచ్చిందనుకుంటున్నదీ మాత్రం కాగితాల మీద. మా ఏఎంసీ కాంట్రాక్టు చదివితే అందులో కంప్లైంట్లు పెరిగితే జరిమానా అని ఉంది, కరెంటు వాడకం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అలాంటప్పుడు టెక్నీషియన్ ఏం చేస్తాడు? ఎవరూ ఫోన్ చేయకుండా అన్నీ ఫుల్‌లో పెట్టేస్తాడు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, మనం దేనికి జరిమానా వేస్తామో మనుషులు దానికే జాగ్రత్తపడతారు. కాంట్రాక్టు రెన్యువల్‌లో మూడు మార్పులు పెట్టించాం. ప్రతి ఓవర్‌రైడ్ కారణంతో సహా రిజిస్టరులో రాయాలి, దానికి గడువు తేదీ ఉండాలి. వేడిగా ఉందన్న కంప్లైంట్‌తో పాటు చలిగా ఉందన్న కంప్లైంట్ కూడా లెక్కలోకి వస్తుంది. నెలనెలా సమీక్షలో ప్లాంట్ రూమ్ నుంచి ఒకరు కూర్చోవాలి. చలి కంప్లైంట్లను లెక్కపెట్టడం మొదలయ్యాక తెలిసింది, అవి తక్కువేమీ కాదు, ఇన్నాళ్లూ వాటిని ఎవరూ నమోదు చేయలేదు.

బిల్లు కాపీ ఇప్పుడు ప్లాంట్ రూములో గోడ మీద ఉంటుంది. పక్కనే గత వారం 15 నిమిషాల గ్రాఫ్. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒక షిఫ్టు ఎలక్ట్రీషియన్ గ్రాఫులో ఆదివారం మధ్యాహ్నం వచ్చిన ఒక చిన్న గుట్టను పెన్నుతో చుట్టి, ట్రైనింగ్ బ్లాక్ హీటర్లు అని రాసిపెట్టాడు. అది నిజమే, ఆదివారం ట్రైనింగ్‌కు వచ్చినవాళ్లు లేకపోయినా వాటర్ హీటర్లు ఆన్ అవుతున్నాయి. నేను అడగకుండానే ఒకరు గ్రాఫ్ చదివి కారణం చెప్పారంటే మ్యాట్రిక్స్‌లో సమాచారం అనే గడి ఒక మెట్టు ఎక్కిందని నా లెక్క.

హీటర్ల దగ్గర ఒక పెద్ద వాదన నడిచింది. ఎలాగూ జనం కలుపుకునే స్నానం చేస్తారు కదా, ట్యాంకు ఉష్ణోగ్రత 45కి తగ్గించేద్దాం అని ఒక సూచన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. నిల్వ ఉన్న గోరువెచ్చని నీటిలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, అది ఊపిరితిత్తులకు వచ్చే ప్రమాదకరమైన జబ్బు తెస్తుంది, అందుకే నిల్వ నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచమంటారు. తగ్గించాల్సింది ఉష్ణోగ్రతను కాదు, పైపుల నుంచి పోయే వేడిని, ఎవరూ లేని రోజుల్లో వృథాగా తిరిగే నీటిని. అవి కూడా పద్ధతి ప్రకారం చేయాలి, ఖాళీగా ఉన్న బ్లాకును తెరిచే ముందు ట్యాంకును పూర్తిగా వేడి చేసి, పైపుల్లో నిలిచిన నీళ్లు వదిలేయాలి. బయటిగాలి విషయంలో కూడా అంతే. బయటిగాలి తగ్గిస్తే చిల్లర్ మీద భారం తగ్గుతుంది నిజమే, కానీ అది మనుషులు పీల్చే గాలి. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లను ముందు బయట పెట్టి చూశాం, బయటి గాలిలో ఇప్పుడు 420 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలన్న కొలత) పైచిలుకు ఉంటుంది, దానికి చాలా దూరంగా చూపించిన సెన్సర్లను పక్కన పెట్టి, సరిగ్గా ఉన్నవాటి ఆధారంగానే గాలిని జనాన్ని బట్టి మార్చేలా పెట్టాం. మనుషుల ఆరోగ్యాన్ని తగ్గించి మిగిల్చేదాన్ని పొదుపు అనడానికి నాకు మనసొప్పదు.

ఇక ఎంత మిగిలింది అన్న ప్రశ్న. ఇది అనుకున్నంత తేలిక కాదు, ఎందుకంటే వాడని కరెంటును ఏ మీటరూ చూపించదు. ముందు ఎలా ఉండేదో ఆ గీతను తీసుకుని, ఈ ఏడాది వాతావరణానికి, జనానికి ఎంత అయ్యేదో లెక్కకట్టి, నిజంగా ఎంత అయిందో దాంట్లోంచి తీసేయాలి. దీనికి ఐపీఎంవీపీ అనే అంతర్జాతీయ పద్ధతిలో ఎ, బి, సి, డి అని 4 దారులున్నాయి. ఫ్యాన్ల మార్పులకు ఆ ఫ్యాన్ల దగ్గరే మీటరు పెట్టి కొలిచాం, అది బి. భవనం మొత్తానికి మెయిన్ మీటరుతో లెక్కకట్టాం, అది సి. యూనిట్లు తగ్గినా రేటు పెరగడం వల్ల బిల్లు మొత్తం తగ్గలేదని ఫైనాన్స్ వాళ్లు అన్నప్పుడు ఈ లెక్కే కాపాడింది. నెలనెలా అంచనాకూ వాస్తవానికీ తేడాను కూడుతూ వెళ్లే ఒక గ్రాఫ్ ఉంటుంది, క్యూసమ్ అంటారు. అది కిందికి దిగుతున్నంత కాలం పొదుపు కొనసాగుతున్నట్టు, అడ్డంగా సాగితే పాత స్థాయికి జారినట్టు. ఒక నెలలో అది అడ్డంగా తిరిగింది, వెతికితే రెండో భవనంలో మరమ్మతు కోసం హ్యాండ్‌లో పెట్టిన పంపును ఎవరూ ఆటోకి తిప్పలేదు. బిల్లు మాత్రమే చూసుంటే అది తెలియడానికి చాలా కాలం పట్టేది.

ఎనర్జీ మేనేజ్‌మెంట్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 50001 సర్టిఫికెట్ తీసుకుంటారా అని చాలామంది అడుగుతున్నారు. 2011లో వచ్చింది ఆ ప్రమాణం, 2018లో సవరించారు. ఎక్కువ కరెంటు ఎక్కడ పోతోందో గుర్తించడం, ఒక ప్రారంభ స్థాయిని నిర్ణయించుకోవడం, దాన్ని కొలిచే సూచికలు పెట్టుకోవడం, పైస్థాయి వాళ్లు నిర్ణీత కాలానికి కూర్చుని సమీక్షించడం, ఇవన్నీ అందులో ఉన్నాయి, ఇవన్నీ సర్టిఫికెట్ లేకుండానే ఈ రోజే మొదలుపెట్టొచ్చు. మేం అలాగే చేస్తున్నాం. సర్టిఫికెట్ వల్ల బయటి ఆడిటర్ వచ్చి అడిగేవాడు ఒకడు ఉంటాడు, ఆ ఒత్తిడి కొన్ని సంస్థలకు మేలే చేస్తుంది. మాకు ఇంకా ఆ అవసరం రాలేదని నా అభిప్రాయం, ముందు రిజిస్టరు రాసే అలవాటు నిలబడాలి.

మ్యాట్రిక్స్‌ను మళ్లీ అందరితో విడివిడిగా నింపించాం. సమాచారం, బాధ్యతలు పైకి వచ్చాయి, శిక్షణ కొంచెం కదిలింది, పెట్టుబడి గడి ఉన్నచోటే ఉంది. మార్కులు ఒకరివి ఒకరికి దగ్గరయ్యాయి. విధానం గడిలో టెక్నీషియన్లు ఈసారి 2 వేశారు, పైవాళ్లు కూడా 3 నుంచి 2కి దిగొచ్చారు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని సబ్ మీటర్లు, అంటే ఒక్కో భాగం వాడకాన్ని విడిగా కొలిచే మీటర్లు. రెండు ఆఫీసు భవనాలకూ కలిపి ప్లాంట్ రూమ్ ఒకటే కావడంతో చిల్లర్ వాడకంలో ఏ భవనానిది ఎంత అన్నది ఇంకా అంచనాగానే ఉంది, ఆ ప్రశ్నకు జవాబు లేకుండా పెట్టుబడి గడిని కదిలించలేం. మీటర్ల జాబితా తయారైంది. ప్రతి మీటరు పక్కనా దాన్ని ఎవరు చూస్తారు, ఎన్నాళ్లకోసారి చూస్తారు, తేడా వస్తే ఎవరికి చెప్తారు అని మూడు కాలమ్‌లు పెట్టాను. ఆ కాలమ్‌లలో పేరు లేని మీటర్లకు ఆర్డర్ పెట్టడం లేదు.